పాలిటెక్నిక్ చదివిన అబ్బాయికి సైన్యంలో సరైన చోటు ఏది?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. బతుకుదెరువు కోసం మిర్యాలగూడ వచ్చి రైస్‌మిల్లులో ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయికి 19 ఏళ్లు. నల్గొండ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. మిలిటరీలో చేరతానని పట్టుబట్టాడు. నాలుగేళ్లకే ఇంటికి పంపుతారని బంధువులు భయపెడుతున్నారు. వాళ్ల అమ్మ బీటెక్ చదివించమంటోంది. రెండు లక్షలు కడితే ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ కేంద్రంవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ రెండు లక్షల సంగతి. ఒక్క రూపాయి కూడా కట్టకండి. సైన్యంలో ఉద్యోగాన్ని ఇప్పించే శక్తి ఏ శిక్షణ కేంద్రానికీ లేదు. రాతపరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది, పరుగును గడియారం కొలుస్తుంది, వైద్య పరీక్షను సైనిక వైద్యులే చేస్తారు. ఉద్యోగం ఖాయమని డబ్బు అడిగేవారెవరైనా మోసగాళ్లే. పరుగు సాధనకు నల్గొండ ఎన్జీ కాలేజీ మైదానం చాలు.

ఇక అసలు విషయం. మీ అబ్బాయి సైన్యంలో చేరాలా వద్దా అని ఇంట్లో వాదించుకుంటున్నారు. ఏ పని మీద చేరుతున్నాడో ఎవరూ అడిగినట్లు లేదు. నా దగ్గరికి వచ్చే డిప్లొమా పిల్లలు చాలామంది ఊళ్లో అందరూ పెడుతున్నారని జనరల్ డ్యూటీకే దరఖాస్తు పెడతారు. పదో తరగతి అర్హతతో దొరికే పోస్టు అది. ఆ పనిని తక్కువ చేయను, దేశానికి అదీ కావాలి. కానీ మూడేళ్లు లేత్ మిషన్ మీద, ఇంజన్ల మీద నేర్చుకున్న పిల్లవాడు ఆ చదువును గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్లడం నాకు బాధ కలిగిస్తుంది. పరుగెత్తగలిగే కుర్రాళ్లు దళాలకు వేలల్లో దొరుకుతారు. యంత్రం చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగలిగేవారు అంత సులువుగా దొరకరు.

అందుకని నేను మొదట పెట్టమనేది కోస్ట్‌గార్డ్ (తీర రక్షక దళం) యాంత్రిక్ దరఖాస్తు. మన జిల్లాల్లో దీని పేరు విన్నవారే తక్కువ. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్ డిప్లొమా చేసినవారి కోసమే ఉన్న పోస్టు ఇది. వయసు 18 నుంచి 22. రాతపరీక్షలో పదో తరగతి స్థాయి భాగంతోపాటు తన బ్రాంచి మీద విడిగా ప్రశ్నలు ఉంటాయి, అంటే చదివిన చదువుకు నేరుగా ఫలితం దక్కుతుంది. మూలవేతనం 29,200 రూపాయలు, దానిపై 6,200 యాంత్రిక్ పే, ఇతర భత్యాలు. అన్నిటికంటే ముఖ్యం, నాలుగేళ్లకు అగ్నివీరులుగా చేర్చుకునే అగ్నిపథ్ పథకం కోస్ట్‌గార్డ్‌కు వర్తించదు. నాలుగేళ్ల గడువు గొడవ ఇక్కడ లేదు.

రెండోది వైమానిక దళంలో అగ్నివీర్ వాయు. డిప్లొమాలో 50 శాతం, ఇంగ్లీషులో విడిగా 50 శాతం ఉంటే చాలు. అయితే పాలిటెక్నిక్ పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. పరీక్షలో గణితం, భౌతికశాస్త్రం ఇంటర్ స్థాయిలో, సీబీఎస్ఈ సిలబస్ ప్రకారం ఉంటాయి. డిప్లొమా మొదటి సంవత్సరం తర్వాత ఆ పుస్తకాలను ముట్టుకోనివారే ఎక్కువ. ఇంటర్ చదివిన స్నేహితుల దగ్గర పాత పుస్తకాలు తెచ్చుకుని ఈ నెలలోనే మొదలుపెట్టమనండి.

మూడోది ఆర్మీలో అగ్నివీర్ టెక్నికల్. ఆన్‌లైన్ పరీక్షను 2025 నుంచి తెలుగులోనూ రాయవచ్చు, డిప్లొమాకు అదనపు మార్కులూ ఉన్నాయి. సైనిక వాహనాలు, ట్యాంకులు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగానికి సికింద్రాబాద్‌లోనే శిక్షణ కేంద్రం ఉంది.

నాలుగేళ్ల భయం గురించి ఉన్నదున్నట్లు చెబుతాను. అగ్నివీరుల్లో 25 శాతం వరకే శాశ్వత ఉద్యోగంలోకి తీసుకుంటారు. అగ్నిపథ్ రాకముందు వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరితే తొలి ఒప్పందమే 20 ఏళ్లు. ఇంజన్ మీద, రాడార్ మీద చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. నేర్పినవాణ్ని అలా ఉంచుకోవడంలో అర్థముంది. సాంకేతిక పనివాణ్ని నాలుగేళ్లకు వదులుకోవడం దళాలకే నష్టమని నా గట్టి అభిప్రాయం. అయితే మీరు నిర్ణయం తీసుకోవలసింది ఇప్పుడున్న నిబంధన చూసే.

అగ్నివీర్ జీతం లెక్క ఇది. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాది 40,000. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి వెళ్తుంది కాబట్టి చేతికి వచ్చేది మొదట 21,000, చివర 28,000. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. బయటికి వచ్చే రోజున వడ్డీతో సుమారు 11.71 లక్షలు అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. కేంద్ర సాయుధ బలగాల్లో, రక్షణ శాఖ సంస్థల్లో మాజీ అగ్నివీరులకు 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. రిజర్వేషన్ ఉన్నా ఖాళీ పడాలి, పోటీలో నెగ్గాలి. ఆ 25 శాతంలో ఉంటాడన్న ధీమాతో అప్పులు చేయకండి, ఉండడన్న భయంతో ఆపనూ వద్దు. పని తెలిసినవాడు 23, 24 ఏళ్ల వయసులో ఆ డబ్బుతో, ఆ అనుభవంతో బయటికి వచ్చినా చేతగానివాడిగా రాడు.

వాళ్ల అమ్మగారి మాట కూడా సరైనదే. డిప్లొమా వాళ్లకు బీటెక్ ప్రవేశ పరీక్ష అయిన ఈసెట్ తప్పకుండా రాయించండి. మంచి ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతాడు, 22 ఏళ్లకు పట్టా చేతికొస్తుంది. ఆర్మీలో ఇంజనీరింగ్ పట్టభద్రులను 20 నుంచి 27 ఏళ్ల వయసులో అధికారులుగా తీసుకునే టెక్నికల్ ఎంట్రీలున్నాయి. వాటికి రాతపరీక్ష లేదు. మార్కులను బట్టి పిలుస్తారు, అధికారుల ఎంపికకు జరిపే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ గట్టెక్కాలి. కాబట్టి బీటెక్ చదివితే సైన్యం దూరమవుతుందని అబ్బాయి అనుకోనక్కర్లేదు. ఈసెట్‌లో మంచి కాలేజీ వస్తే నేను అటే మొగ్గుతాను. లేదంటే యాంత్రిక్, ఆ తర్వాత వాయు.

మీది మర్రిగూడ వైపు అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్లు, ఎముకలు ముందే చూపించుకోవడం మంచిది. వైద్య పరీక్షలో కనీసం 14 డెంటల్ పాయింట్లు (పళ్లకు వేసే మార్కులు) ఉండాలి. నిటారుగా నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, చీలమండలు దూరంగా ఉండిపోతే తిరస్కరించవచ్చు. రంగులను గుర్తించే చూపూ పరీక్షించుకోవాలి.

ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. పదో తరగతి మెమో, డిప్లొమా మెమోలు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండడం, మీ పేరు ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా ఉండడం మన ఇళ్లలో మామూలే. పరుగు, రాతపరీక్ష దాటి వచ్చిన పిల్లలు ధ్రువపత్రాల బల్ల దగ్గర ఆగిపోయేది దీనితోనే. పదో తరగతి మెమోలో ఉన్నట్లుగా ఆధార్‌ను సరిచేయించి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టించండి.