11 శాతం ఇచ్చే సొసైటీలో రిటైర్మెంట్ డబ్బు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. మావారు హైస్కూలు టీచరుగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యారు, చేతికి 22 లక్షలు వచ్చాయి. మా వీధిలోని క్రెడిట్ సొసైటీ 11 శాతం వడ్డీ ఇస్తోంది, మేనేజరు మాకు బాగా తెలిసినబ్బాయి. నిరుడు అక్కడ వేసిన 2 లక్షలకు వడ్డీ నెలనెలా ఠంచనుగా వస్తోంది. ఇదీ అక్కడే వేద్దామని మావారు, వద్దని మా అబ్బాయి. బ్యాంకులో వేసినా 5 లక్షలకే గ్యారంటీ అంటున్నారు, మరి తేడా ఏముంది?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాట వినండి. ఇలాంటి ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నాకు మా మేనత్త గుర్తొస్తుంది. ఆవిడా తెలిసినవాళ్ల సొసైటీలోనే వేసింది, ఆరేళ్లు ఒక్క నెల వడ్డీ తప్పలేదు, ఏడో ఏడు ఒకరోజు పాస్‌బుక్ పట్టుకుని వెళ్తే షట్టరుకు తాళం వేసి ఉంది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

వడ్డీ టైముకు వస్తోంది కాబట్టి అసలు భద్రంగా ఉందనుకోకండి. కొత్త డిపాజిట్లు వస్తున్నంత కాలం పాతవాళ్లకు వడ్డీ కట్టడం ఎవరికైనా తేలికే. మీకు 11 ఇవ్వాలంటే వాళ్లు బయట 15, 16కైనా అప్పులివ్వాలి కదా, అంత వడ్డీకి తీసుకునేది ఎవరంటే ఎక్కువగా బ్యాంకులు అప్పు ఇవ్వనివాళ్లే. వాళ్లలో నలుగురు రియల్ ఎస్టేట్ వాళ్లు ప్లాట్లు అమ్ముడుపోక అప్పు కట్టడం ఆపేస్తే చాలు, సొసైటీ కూడా ఆగిపోతుంది.

బ్యాంకులో వేసిన డబ్బూ బీరువాలో ఉండదు, అదీ అప్పులకే పోతుంది. కాకపోతే ఇప్పుడున్న లెక్కల ప్రకారం వంద రూపాయల డిపాజిట్‌కు 3 రూపాయలు రిజర్వ్ బ్యాంకు దగ్గర, ఇంకో 18 రూపాయలు ముఖ్యంగా ప్రభుత్వ బాండ్లలో ఉంచి తీరాలి. జనం ఒక్కసారిగా వచ్చి డబ్బు అడిగితే బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వ్ బ్యాంకు నుంచి అప్పటికప్పుడు డబ్బు తెచ్చుకోవచ్చు. మీ వీధి సొసైటీకి ఆ దారి లేదు. అది 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద రిజిస్టరైనా, మల్టీ స్టేట్ సొసైటీ అయినా రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేనట్టే, డిపాజిట్ ఇన్సూరెన్సు కూడా లేనట్టే. బోర్డు మీద పేరు ఒకసారి సరిగ్గా చదవండి. 2020లో చట్టం మారాక లైసెన్సు లేని సొసైటీ తన పేరులో బ్యాంకు అనే మాట పెట్టుకోకూడదు, పెట్టుకుని ఉంటే అసలు గడప తొక్కొద్దు.

ఇక 5 లక్షల సంగతి. రిజర్వ్ బ్యాంకుకే చెందిన డీఐసీజీసీ అనే సంస్థ, బ్యాంకు మునిగితే ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా ఇస్తుంది. ప్రీమియం బ్యాంకే కట్టుకుంటుంది, మన దగ్గర తీసుకోరు. 2020 ఫిబ్రవరి దాకా ఇది లక్షే ఉండేది. 2001లో హైదరాబాద్‌లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలినప్పుడు ఇన్సూరెన్సు ఆ లక్షకే. ఆ రోజుల్లో బ్యాంకు ముందు నిలబడ్డ పెన్షనర్ల గురించి చదివినవాళ్లెవరూ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోరు. ఇప్పుడు బ్యాంకు మీద ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఆ 5 లక్షలు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు.

ప్రభుత్వ బ్యాంకుకైనా చట్టం ఇచ్చే మాట ఆ 5 లక్షలే, అంతవరకు మీరు విన్నది నిజం. కానీ పెద్ద బ్యాంకు కష్టాల్లో పడితే రిజర్వ్ బ్యాంకు ఇన్సూరెన్సు దాకా రానివ్వకుండా ఇంకో బ్యాంకులో కలిపేస్తూనో, వేరే బ్యాంకులతో డబ్బు పెట్టించి నిలబెడుతూనో వచ్చింది. మన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును 2004లో ఓరియంటల్ బ్యాంకులో కలిపారు, డిపాజిటర్లకు పైసా పోలేదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు నుంచి 50 వేలకు మించి తీయకూడదన్నారు, రెండు వారాల్లోపే ఎత్తేశారు. సొసైటీ మునిగితే ఇలా చెయ్యడానికి ఎవరూ రారు, కోర్టు చుట్టూ తిరగాలి.

మరి 22 లక్షలు ఏం చేయాలి? నేనైతే 15 లక్షలు మాస్టారి పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తాను. దానికి కేంద్ర ప్రభుత్వమే పూచీ, 30 లక్షల దాకా వేయొచ్చు, 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు (కట్టే రోజున రేటు ఒకసారి అడగండి, కట్టాక ఐదేళ్లూ అదే ఉంటుంది). మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, అంటే నెలకు 10,250. సొసైటీలో అయితే ఇదే డబ్బుకు నెలకు 3,500 ఎక్కువ వస్తుంది. ఆ 3,500 కోసం 15 లక్షలు ఏ రక్షణా లేని చోట పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను, అందులోనూ మళ్లీ సంపాదించే వయసు దాటినవాళ్లకు.

మిగతా 7 లక్షల్లో 4 లక్షలు ప్రభుత్వ బ్యాంకులో మాస్టారి పేరున ఎఫ్‌డీ, 3 లక్షలు అదే బ్యాంకులో ఇద్దరి పేరున, ఎవరైనా తీసుకునేలా. విడి ఖాతాకూ జాయింటు ఖాతాకూ ఇన్సూరెన్సు వేర్వేరుగా లెక్కేస్తారు కాబట్టి మొత్తం దాని కిందికే వస్తుంది. అదే బ్యాంకులో ఆయన పేరు మీదే నాలుగు బ్రాంచీల్లో వేస్తే మాత్రం అన్నీ కలిపి ఒక్క 5 లక్షలే. నామినీ పేరు అన్నిటికీ రాయించండి, చాలామంది వదిలేస్తారు.

సొసైటీలో ఉన్న ఆ 2 లక్షలు గడువు దాకా ఆగకుండా ఇప్పుడే అడగండి. కొంత వడ్డీ కోస్తామంటే కోయనివ్వండి. తెలిసినబ్బాయని మొహమాటపడకండి, పిల్లాడు ఇల్లు కొంటున్నాడు, అవసరం పడిందని చెప్పండి. వారంలో ఇచ్చేస్తే సంతోషం. వచ్చే నెల, ఆ పై నెల అంటూ తిప్పితే మాస్టారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లి రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద తేదీతో సహా సంతకం పెట్టించుకోండి.