కౌగిలింత దగ్గర ఆపేయకు

తమ్ముడూ,

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీకు చూపుంది. తొందర కూడా ఉంది.

ఆరో పేరాలో మంట చుట్టూ ఊరంతా కూర్చుంది. ఒకతను లేచి, మీ అన్నని చంపింది నేనే అన్నాడు. వింటున్న ఆవిడ తను చుట్టుకున్న లాపా గుడ్డ చెంగుకి ముడి వేస్తూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉండిపోయింది. ఇంత మంచి వాక్యం రాసి, ఆ వెంటనే ఇద్దరినీ కౌగిలించుకోబెట్టేశావు! నిజంగానే కౌగిలించుకుని ఉంటారు, కాదనను. మరి ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టిందా? అడిగావా?

1991 నుంచి 2002 దాకా అక్కడ నడిచిన అంతర్యుద్ధానికి, దాని నేరాల కోసమే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం శిక్ష వేసింది తొమ్మిది మందికే. మిగతా చోట చంపినవాళ్లూ, పోయినవాళ్ల తాలూకు మనుషులూ ఒకే బావి నీళ్లు తోడుకుని బతకాలి. అక్కడి మానవ హక్కుల కార్యకర్త జాన్ కాల్కర్ 2007లో ‘ఫ్యాంబుల్ టాక్’ అనే ఈ ఊరి సభలు మొదలుపెట్టింది అందుకే. అక్కడ మాట్లాడే క్రియో భాషలో ఆ మాటకి ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం అని అర్థం. ఊరే మంట వేస్తుంది, ఊరే వింటుంది. తర్వాత కొన్నిచోట్ల కలిసి పొలం కూడా చేసుకున్నారు.

గొప్ప పనే. అయితే సియెర్రా లియోన్‌లో ఇలాంటి సభల మీద జరిగిన ఒక పరిశీలన 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది, వెతికి చదువు. సభలయ్యాక 9 నెలలకి మొదటిసారి, 31 నెలలకి రెండోసారి వెళ్లి 2,383 మందిని కలిశారు. క్షమించడం పెరిగింది, ఊరి పనుల్లో ఒకరికొకరు తోడవడం పెరిగింది. దాంతోపాటే దిగులూ, టెన్షనూ, పాత పీడకలలూ పెరిగాయి. ఊరు బాగుపడిందన్న మాట ప్రాజెక్టు వాళ్లు ఎలాగూ రాసుకుంటారు. అది ఎవరి నిద్ర ఖర్చుతో జరిగిందో నువ్వు రాయాలి.

సాయం సంగతీ అంతే. యుద్ధంలో పోరాడి ఆయుధాలు అప్పగించిన సుమారు 72,000 మంది కోసం డబ్బూ, పని నేర్పే శిక్షణా ముందే వచ్చాయి. ఆ యుద్ధంలో చేతులు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు పరిహారానికి రాసుకోవడం 2008 చివరికిగానీ మొదలవలేదు. పోరాడినవాళ్లు మళ్లీ తుపాకులు పట్టకుండా ఉండాలంటే ముందు వాళ్లని చూసుకోవాలన్నది లెక్క. ఆ లెక్క తప్పని నేను అనలేను. చేతుల్లేని మనిషికి మాత్రం దాన్ని చెప్పి ఒప్పించలేను.

ఇంకొకటి. నీ దుబాసీ ఎవరి తాలూకు మనిషి? నేనొకసారి వేరే దేశంలో ఒక ముసలావిణ్ణి మాట్లాడించాను. ఆవిడ చాలాసేపు చెప్పింది, మధ్యలో రెండుసార్లు నేల మీద చేత్తో కొట్టింది. అంతా విని దుబాసీ, “క్షమించానంటోంది” అన్నాడు. నేనూ అదే అచ్చేయించుకున్నాను. ఆవిడ క్షమించిందన్న మనిషికి ఆ దుబాసీ మేనల్లుడని తర్వాతెప్పుడో తెలిసింది.

కుదిరితే కలుపు తీసే రోజుల్లో ఆ ఊరికి మళ్లీ వెళ్లు. మంట ఉండదు, పాటలుండవు, నీలాంటి వాళ్లూ ఉండరు. ఆ ఉమ్మడి పొలంలో ఎవరి పక్క సాలులో ఎవరు వంగారో చూడు. కుదరకపోతే వ్యాసాన్ని ఆ ముడి దగ్గరే ఆపేయ్.

రెండో డ్రాఫ్ట్‌లో ఆవిడ పేరు మార్చు. ఊరి పేరు తీసేయ్. ఫోటో వద్దు.

మీ అన్నయ్య