ట్యూషన్ పెడతన్న మా అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేసి కావలిలో తొమ్మిది, పది పిల్లకాయలకి లెక్కల ట్యూషన్ పెడతన్నావని చెప్పాడు. సంతోషమో భయమో, రాత్రంతా నిద్రలేదు నాకు.

ఫీజు ఒకటో తారీకే అడుగు, మొహమాటపడబాక.

జామెట్రీకి ముందు పుస్తకం తెరవబాక. రెండు మేకులు కొట్టి దారం బిగించి కట్టు, రెండు బిందువుల మీదగా ఒకటే సరళరేఖ పోద్దని వాళ్లే చెప్తారు. తలం అంటే ఎటు చూసినా చదునుగా పరుచుకున్న జాగా, దానికి ముక్కాలిపీట చాలు. గచ్చు ఎంత ఎగుడుదిగుడున్నా అది ఊగదు, ఒకే లైన్లో లేని మూడు బిందువులకి ఒకటే తలం కాబట్టి. నాలుగో కాలు ఆ తలానికి అందకపోతేనే కుర్చీ ఊగేది. గోడా గోడా కలిసేకాడ గీత చూపించు, రెండు తలాలు ఖండించుకుంటే వచ్చేది సరళరేఖే. ఇదంతా ఒక పూట పని.

సమాంతర రేఖల కాడ మాత్రం నిదానించు. నేను బోర్లా పడింది అక్కడే.

సర్వీసులో చేరిన రెండో ఏడు. "ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతరం" అని బోర్డు మీద రాసేశా. వెనక బెంచీ పిల్ల లేచి, సార్ పైన దూలం తూర్పు పడమరగా ఉంది, కింద గోడవార గీత ఉత్తరం దక్షిణంగా ఉంది, అవీ ఎప్పటికీ కలవవు గదా, మరి సమాంతరమేనా అంది. నాకు జవాబు తెలీలా. తెలీదని చెప్తే ఏం పోయింది? నాకే ఎదురు ప్రశ్నలేస్తావా అని ఎండలో నిలబెట్టా. సాయంత్రం సింగరాయకొండ కాడ రైలు గేటు పడి బస్సు ఆగింది, చూస్తే పట్టాలకి పైన అడ్డంగా కరెంటు తీగ పోతా ఉంది. ఆ తీగా పట్టా ఎన్నటికీ కలవవు, సమాంతరమూ కాదు. ఒళ్లు చల్లబడిపోయింది. యూక్లిడ్ 2300 ఏళ్ల కిందటే "ఒకే తలంలో ఉండి" అని ముందే పెట్టాడు, ఆ ముక్క మింగేసింది నేను. ఏ ఒక్క తలంలోనూ ఇమడని ఆ జంటల్నే స్క్యూ లైన్స్ అంటాం.

మర్నాడు బోర్డు మీద "ఒకే తలంలో" అని చేర్చా గానీ, నువ్వే రైటమ్మా అనేదానికి నోరు పెగల్లా. ఆ పిల్ల పదో తరగతి అయిపోయిందాకా మళ్లీ చెయ్యెత్తలా. ఇప్పటికీ బస్టాండులో ఆ వయసు ఆడమనిషి కనపడితే మొహంలోకి చూస్తా.

నీకేమో కోపం ముక్కు మీదుంటది, అచ్చం మా అమ్మ పోలిక. అడిగిన పిల్లకాయని కసిరావని తెలిస్తే వచ్చి వీపు పగలగొడతా. నాలుగేళ్లప్పుడు నా భుజమెక్కి, పెదనాన్నా ఆకాశం చదునా గుండ్రమా అని ప్రాణం తీసినదానివి నువ్వు.

ముక్కాలిపీట మా అటక మీదుంది, ఆదివారం రైలుకి పట్టుకొస్తా. ఒక కాలు కాస్త పొట్టి, అందుకని ఓ పక్కకి వాలుద్ది గానీ ఊగదు.

మీ పెదనాన్న