మొదటిసారి వేలంపాటకు వెళ్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

చి. సౌ. మాధవికి,

మేనత్త ఆశీస్సులు. పాత సామాన్లు, కళాఖండాలు వేలం వేసే హాలుకు వచ్చే నెల వెళ్ళి, కొత్త ఇంటికి ఒక బర్మా టేకు బీరువా, వీలైతే హాల్లో పెట్టుకోవడానికి ఒక పాత పటం కొనుక్కోవాలని ఉందని రాశావు. చాలా సంతోషం. అయితే ఎక్కడ కూర్చోవాలి, చెయ్యి ఎప్పుడెత్తాలి, ఎంతెంత పెంచాలి అని నువ్వు అడిగినవన్నీ పాట జరిగే రోజు సంగతులే. మంచి వస్తువు తగిన ధరకు దక్కేదీ లేనిదీ అంతకు ముందు సామాన్లు చూడనిచ్చే రోజునే తేలిపోతుందని ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని కాబట్టి, ముందు దాని గురించే వివరంగా రాస్తాను.

ఆ రోజు ఉదయాన్నే, జనం తక్కువగా ఉన్నప్పుడు వెళ్ళు. టార్చిలైటు, భూతద్దం, కొలత టేపు, జాబితా కాగితం వెంట ఉండాలి. జాబితాలోని ప్రతి మాటనూ దస్తావేజు చదివినంత శ్రద్ధగా చదువు. ఒక చిత్రకారుడి పేరు సూటిగా రాయడానికీ, "ఫలానావారి శైలిలో" అని రాయడానికీ మధ్య ధరలో ఎంతో అంతరం ఉంటుంది. షరతుల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతున్నామని రాసి ఉంటే, తర్వాత బయటపడే లోపాలకు వాళ్ళను నిలదీసే అవకాశం బాగా తగ్గిపోతుంది గనుక, పరీక్షించే భారమంతా నీదేనని గుర్తుంచుకో.

మన ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచిన కాలంలో ఇక్కడివాళ్ళు వేల సంఖ్యలో బర్మా వెళ్ళి వచ్చారు కాబట్టి ఈ ప్రాంతపు పాత ఇళ్ళల్లో బర్మా టేకు సామాను ఉండడం సహజమే. ఆ పేరుకున్న గిరాకీ వల్ల ప్రతి పాత చెక్కకూ ఆ పేరే తగిలిస్తారు. బీరువా ముందు నిలబడి నునుపు చూసి మురిసిపోవద్దు. సొరుగును పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడు. ఏళ్ళ తరబడి లాగుతూ నెడుతూ ఉన్న సొరుగు అడుగు అంచులు అరిగి ఉంటాయి, అవి జారే లోపలి పట్టీల మీద కూడా అదే చోట అదే అరుగుదల కనిపించాలి. సొరుగు అరిగి పట్టీ కొత్తగా ఉంటే రెండు వేర్వేరు బీరువాలను కలిపి ఒకటి చేశారేమోనని అనుమానించాలి. సొరుగు ముందు పలక లోపలి వైపు, ఇప్పుడున్న పిడికి సంబంధం లేని చోట పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే, పిడులు మార్చారని అర్థం. అది కొనకూడనంత దోషం కాదు గాని ధర తగ్గించి చూడవలసిన విషయమే. వెనక చెక్కలు, సొరుగు అడుగు, ఎవరికీ కనబడని భాగాలు మామూలుగా పాలిష్ లేకుండానే ఉంటాయి. అక్కడ కూడా నిగనిగలాడే ముదురు రంగు పూసి ఉంటే ఏదో దాచారనుకోవచ్చు. చివరగా నాలుగు కాళ్ళనూ టేపుతో కొలిచి, వేలి కణుపులతో తట్టి చూడు. చెదలు తినో, తడికి పుచ్చో కింది భాగం కోసేసిన బీరువాలు మన ఊళ్ళో తక్కువేమీ కావు.

పటాల విషయంలో భూతద్దమే నీకు తోడు. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావళా దగ్గరి మళవలికి తరలింది. అక్కడ రాతి అచ్చులతో వేసిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు తెలుగు ఇళ్ళ పూజగదుల దాకా వచ్చాయి. ఆ పాత అచ్చును భూతద్దంతో చూస్తే రంగు చుక్కలు చేత్తో పెట్టినట్టు చిన్నా పెద్దా కలగలిసి, వరుస లేకుండా కనిపిస్తాయి. ఈ కాలపు ఆఫ్‌సెట్ ప్రింటులోనైతే ఒకే కొలత ప్రకారం తీర్చిన చుక్కలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పాత ఫ్రేములో కొత్త ప్రింటు బిగించి అమ్మేవాళ్ళున్నారు కాబట్టి, వేలం హాలువాళ్ళ అనుమతి తీసుకుని పటం వెనక వైపు కూడా చూడు. కశింకోటలో జీవితపు చివరి రోజులు గడిపిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలంటే నాకు ప్రాణం. ఆయన బొమ్మలు చాలావరకు పత్రికల ముఖచిత్రాలుగా ఇంటింటికీ చేరాయి గనుక, చక్కగా ఫ్రేము కట్టిన పత్రిక కాగితాన్ని అసలు చిత్రంగా ఎవరైనా చూపించబోతే ఆ చుక్కలే నిజం చెబుతాయి.

ఇప్పుడు రాయబోయే విషయంలో నా మాట తప్పక పాటించాలి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి మన విశాఖ పనివాళ్ళు గంధపు చెక్క మీద ఏనుగు దంతపు పలకలు తాపడం చేసి, వాటిపై తీగలు పువ్వులు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు ఈస్టిండియా కంపెనీ దొరల ఇళ్ళకు వెళ్ళాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. మన ఊరి చేతిపనికి అంత గౌరవం దక్కినందుకు నాకు ఎంతో గర్వం. అయినా ఇక్కడ ఎవరైనా అటువంటి పెట్టె వేలానికి పెడితే దాని దగ్గరికే వెళ్ళవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ చేసిన సవరణలతో దంతపు వ్యాపారం, ఆఫ్రికా దంతంతో సహా, మన దేశంలో పూర్తిగా నిషిద్ధమైంది. పెద్దల నుంచి వారసత్వంగా వచ్చినా 90 రోజుల్లో అటవీశాఖ వారికి తెలియజేయాలి, అమ్మడానికి మాత్రం వీల్లేదు. బ్రిటన్‌లో సైతం 2022 జూన్ నుంచి అమలవుతున్న చట్టం కొద్దిపాటి మినహాయింపులు తప్పించి ఆ అమ్మకాలను ఆపేసింది.

రాతి, లోహ విగ్రహాల సంగతీ అంతే జాగ్రత్తగా చూడాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పం, చిత్రం వంటివి పురావస్తువులు; విలువైన రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. వాటిని అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, శిల్పాలకూ చిత్రాలకూ నమోదు పత్రం ఉండాలి, చేతులు మారినప్పుడు నమోదు అధికారికి తెలపాలి. పాత బౌద్ధ క్షేత్రాలైన బావికొండ దగ్గరో శంకరం దగ్గరో పొలంలో దొరికిందంటూ ఎవరైనా మట్టిపాత్రో నాణెమో చూపిస్తే, ధర ఎంత తక్కువైనా అక్కడి నుంచి వచ్చెయ్యి. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు పాత విగ్రహమో పటమో కానుకగా పంపాలన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు. పురావస్తువును మనలాంటివాళ్ళు దేశం దాటించడం నేరం. వయసు మీద సందేహముంటే అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి ముందే తీసుకోవాలి.

ఇక ధర. పాట ఎంత దగ్గర ఆగితే అంతే కట్టడమని కొత్తవాళ్ళు అనుకుంటారు. నీ పాట 40,000 రూపాయల దగ్గర నిలిచిందనుకో, పాట ధర మీద వేలంవాళ్ళు అదనంగా తీసుకునే కొనుగోలుదారు కమీషను 15 శాతమైతే అక్కడికే 46,000 అవుతుంది. పన్నులు, కూలీలు, బండి అద్దె అదనం. కాబట్టి మొత్తం ఎంత పెట్టగలవో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి, ఆ అంకెను జాబితాలో వస్తువు పక్కనే పెన్సిలుతో రాసుకో. పాట వేడెక్కాక ఆ అంకెను మార్చవద్దు. నిగ్రహం ఉండదనిపిస్తే, నీ గరిష్ఠ ధర ముందుగానే రాసిచ్చి, నీ తరఫున వాళ్ళనే పాడమని చెప్పవచ్చు.

మూడోసారి అని సుత్తి పడేంతవరకు నీ పాటను వెనక్కి తీసుకునే హక్కు 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ఇస్తోంది, పడ్డాక మాత్రం అమ్మకం పూర్తయినట్టే. ముందుగా చెప్పకుండా అమ్మేవాడే తన మనిషితో పాడించి ధర పెంచితే దాన్ని మోసంగా పరిగణించే హక్కు కూడా అదే సెక్షనులో ఉంది. వర్తకులు సిండికేటు కట్టి ఒకరి మీద ఒకరు పాడకుండా ఊరుకోవడం కూడా జరుగుతుంది. అప్పుడు వాళ్ళ మౌనం చూసి వస్తువు మంచిది కాదేమోనని బెదరకు, నీ పరీక్షనే నమ్ముకో. కూర్చోవడం మాత్రం వెనక వరుసలో, పాడేవాళ్ళందరూ కనిపించే చోట. ఈలోగా కలకత్తా వెళ్ళే పని పడితే, 1940 నుంచి ఉన్న రసెల్ ఎక్స్ఛేంజ్ అనే వేలం సంస్థ ఆదివారం వేలానికి పేరు పడింది గనుక, ఏమీ కొనకుండా ఒక పూట కూర్చుని చూసి రా.

కొన్న తర్వాత రసీదులో వేలం సంఖ్య, జాబితాలోని వర్ణన యథాతథంగా ఉన్నాయో లేదో చూసుకుని, దాన్ని వస్తువుతో పాటే భద్రపరుచు. బీరువాను తిన్నగా పడకగదిలోకి చేర్చకుండా కొన్నాళ్ళు వరండాలో ఉంచి, కాళ్ళ దగ్గర పొడి రాలుతోందేమో చూడు. పాత కంచు, ఇత్తడి సామాను కొంటే చింతపండుతో తోమవద్దు. ఏళ్ళ మీద వచ్చిన ఆ ముదురు ఛాయకే విలువ, పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మనది సముద్రపు గాలి కాబట్టి పటాన్ని బయటి గోడకు ఆనించకుండా లోపలి గోడకు వేలాడదియ్యి.

జాబితా చేతికి రాగానే ఒక ప్రతి నాకు పంపు. సామాన్లు చూడనిచ్చే రోజున నేనూ నీ వెంట వస్తాను.

ఇట్లు,
నీ మేనత్త