నోట్లో నువ్వుగింజ నానాలి తల్లీ

తల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ట్రైనింగ్ అయ్యాక ఆర్మీలో ఇంటెలిజెన్స్ కోర్‌కే, అదే శత్రువు రహస్యాలు రాబట్టే విభాగానికే, వెళ్తానని పట్టుబట్టావట. వీధిలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకోవాలనిపించింది, ఆ వెంటనే గుండె గుభేలుమంది. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే!

పరుగు, డ్రిల్లు నీకు చెప్పక్కర్లేదు. మ్యాపు చదవడం వాళ్లే నేర్పుతారు. భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి కాదు, అవతలివాడి పేపర్లో చిన్న ప్రకటన కూడా అర్థమయ్యేంతగా. 1929లో అమెరికా నేవీ జో రోష్‌ఫోర్ట్, ఎడ్విన్ లేటన్ అనే ఇద్దరు కుర్రాఫీసర్లను జపనీస్ నేర్చుకోమని ఏకంగా జపాన్‌కే పంపింది, మూడేళ్లు. 1942లో యుద్ధంలో జపాన్ గురి పసిఫిక్‌లోని మిడ్వే దీవి మీదేనని పట్టుకున్నది రోష్‌ఫోర్ట్ బృందం, అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ దగ్గర ఇంటెలిజెన్స్ ఆఫీసరు లేటన్. అదందరికీ తెలిసిన కథేలే. నాకు నచ్చేది వేరే. జపాన్ వెళ్లకముందే రోష్‌ఫోర్ట్ వాషింగ్టన్‌లో కోడ్‌లు ఛేదించే విభాగం నడిపాడు, ఆ సంగతి జపాన్‌లో ఉన్నన్నాళ్లూ లేటన్ దగ్గర కూడా ఎత్తలేదు.

ఇప్పుడు నోరు జారితే ఏమవుతుందో విను, దీన్ని మాత్రం రెండుసార్లు చదువు. 1927 మేలో లండన్‌లోని సోవియట్ వాణిజ్య సంస్థ ఆర్కోస్ మీద పోలీసులు దాడి చేశారు. దేనికోసం వెళ్లారో ఆ కాగితం దొరకలేదు. బ్రిటిష్ ప్రభుత్వం పరువు పోయేలా ఉంది, రష్యాతో సంబంధాలు తెంచుకోడానికి కారణం చూపాలి. అంతే, ప్రధాని బాల్డ్విన్ పార్లమెంటులో లేచి, తమవాళ్లు రహస్యంగా ఛేదించిన సోవియట్ టెలిగ్రాములు చదివేశాడు! చప్పట్లు పడే ఉంటాయి. మాస్కో ఏం చేసిందనుకున్నావు? ఒక్కసారి వాడి పారేసే కోడ్ పట్టికలకు మారిపోయింది. ఏళ్ల తరబడి కాగితాల మీద కళ్లు కాయలు కాసేలా కూర్చుని సాధించినవాళ్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. వాదనలో గెలవాలన్న ఉబలాటం తల్లీ, నీకూ అదే జబ్బు. చిన్నప్పుడు పేకాటలో నీ చేతిలో జోకర్ ఉంటే ఆ సంగతి నీ మొహమే చెప్పేసేది.

నేను ఆర్మీలో సందేశాలు పంపే సిగ్నల్స్ విభాగంలో ఉన్నప్పుడు ఒక హవల్దార్ ఉండేవాడు. రాత్రి డ్యూటీలో మెసేజ్ కాగితం మీద టీ గ్లాసు పెడితే, గ్లాసు పక్కకి తీసి, ఆ తడి గుండ్రటి మరక మీద వేలు పెట్టి చూపించి మరీ తిట్టేవాడు. టీ ఒలికినందుక్కాదు, కాగితం అలా బయట వదిలేసినందుకు.

ఇంకోటి, వేళకి తిను. ఆ రోష్‌ఫోర్టే వాషింగ్టన్ రోజుల్లో ఇంటికొచ్చాక టెన్షన్‌తో కాసేపు నడుం వాల్చితే గానీ భోజనం చేయలేకపోయేవాడట, కడుపులో అల్సర్ కూడా తెచ్చుకున్నాడు. నువ్వసలే పరీక్షలప్పుడు మజ్జిగ కూడా ముట్టవు.

యూనిఫాంలో ఫోటో స్టేటస్‌లో పెట్టావటగా, వెనకాల బోర్డుతో సహా. ముందది తీసెయ్. నాకు మాత్రం ఒక ప్రింటు తీయించి పోస్టులో పంపు.

నీ పెద్దనాన్న