పుస్తకాల షాపులో దొరకని కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, లైబ్రేరియన్ జవాబులు

ప్రశ్న: నమస్కారం మేడం. నేను వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. భీమిలి నుంచి ముత్యాలమ్మపాలెం దాకా మత్స్యకారుల జీవనోపాధి ఎలా మారిందన్నది నా టాపిక్. జర్నల్స్‌లో మన తీరం గురించి దొరికింది తక్కువ. ప్రభుత్వ సంస్థల రిపోర్టులు, ఎన్జీవో సర్వేలు, పాత థీసిస్‌లు మాత్రం బోలెడు ఉన్నాయి. ‘పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) లేనివి పెడితే వైవాలో (మౌఖిక పరీక్షలో) పట్టుకుంటారు’ అని మా గైడ్ గారు అంటున్నారు. వాడొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పరిశోధక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: వాడండమ్మా, ధైర్యంగా వాడండి. కాకపోతే ఏది ఎవరు రాశారో, ఎందుకు రాశారో చూసుకుని వాడండి. మీరు చెప్పినవన్నీ గ్రే లిటరేచర్ కిందికే వస్తాయి. ప్రభుత్వ శాఖో, యూనివర్సిటీయో, కంపెనీయో, స్వచ్ఛంద సంస్థో తన పనిలో భాగంగా తయారు చేసుకున్న రాతలు ఇవి. 1997లో లక్సెంబర్గ్ సదస్సులో దీనికి ఇచ్చిన నిర్వచనంలో అసలు సంగతి ఒక్కటే, ఇవి కమర్షియల్ పబ్లిషర్ల చేతిలో ఉండవు అని. నాణ్యత తక్కువని అందులో ఎక్కడా లేదు.

మీ టాపిక్‌నే తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2005లో, 2010లో, 2016లో మత్స్యకార గ్రామాల జనగణన చేసింది. 2010 ఆంధ్రప్రదేశ్ భాగం తెరవండి, కుటుంబాలు, చదువులు, పడవలు, వలలు అన్నీ లెక్కలతో కనిపిస్తాయి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అలాగే 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వర్కింగ్ పేపర్లు చూడండి. కెరటాలు దాటుకుని ఒడ్డుకు చేరగలిగే కొత్త రకం పడవల మీద వాళ్లు చేసిన ప్రయోగాల వివరాలు వాటిలో ఉన్నాయి. తెప్పల నుంచి ఫైబర్ పడవలకు మారిన కథ రాయాలంటే ఇవి చదవకుండా ఎలా కుదురుతుంది?

వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడివడ్డాయి, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. మీ ముత్యాలమ్మపాలెం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, పాత రిపోర్టుల్లో మాత్రం విశాఖపట్నం కిందే ఉంటుంది. 2010 అంకెల పక్కన ఇప్పటి జిల్లా అంకెలు పెట్టి ‘తగ్గింది’ అని రాసేస్తే అక్కడే దొరికిపోతారు. బ్రిటిష్ కాలం కాగితాలకైతే విజగపటం (Vizagapatam), వాల్తేరు (Waltair) స్పెల్లింగ్‌లతో కూడా వెతకాలి. థీసిస్‌లకు శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం చూడండి. 2009 యూజీసీ నిబంధనలతో థీసిస్ డిజిటల్ కాపీ ఇవ్వడం తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతివి చాలా దొరుకుతాయి. అంతకు ముందువన్నీ స్కాన్ అయిపోయి ఉంటాయని మాత్రం అనుకోవద్దు, ఆంధ్రా యూనివర్సిటీలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్లి అడగండి.

ఇక మీ గైడ్ గారి మాట. అచ్చయిన జర్నల్స్ మీదే ఆధారపడితే ఏమవుతుందో 2008లో డిప్రెషన్ మందుల మీద వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ని తీసుకున్నారు. జర్నల్స్‌లో వచ్చినవి మాత్రం చదివితే 94 శాతం ట్రయల్స్‌లో మందు పనిచేసినట్టు ఉంది. ఎఫ్‌డీఏ ఫైళ్లలో చూస్తే అది 51 శాతమే. ఫలితం బాగా రానివి చాలావరకు అచ్చే కాలేదు, కొన్నయితే బాగా వచ్చినట్టు కనిపించేలా అచ్చయ్యాయి. అసలు సంగతి అచ్చుకాని ఫైళ్లలోనే ఉండిపోయింది.

అయితే ఆయన భయంలో నిజం లేకపోలేదు. 2035 కల్లా హిమాలయాల్లో హిమానీనదాలు మాయమైపోవచ్చని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ 2007 నివేదికలో పడింది. ఆ మాటకు ఆధారంగా చూపింది డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పర్యావరణ సంస్థ వాళ్ల 2005 రిపోర్టు, అందులోనూ అది ఒక పత్రికా కథనం నుంచి వచ్చింది. చివరికి 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంకె ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి చూడకపోవడమే అక్కడ జరిగిన పొరపాటు. మీరూ ప్రతి రిపోర్టులో సర్వే ఎప్పుడు చేశారు, ఎంతమందిని అడిగారు, డబ్బు ఎవరిచ్చారు అన్నవి చూడండి. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆకాడ్స్ (AACODS) అనే చెక్‌లిస్ట్ ఉంది, సరిగ్గా ఇందుకోసం చేసిందే. మెథడాలజీ చాప్టర్‌లో దాని ప్రకారం ఏది ఎందుకు తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో ఒక పేజీ రాసి ముందు గైడ్ గారికి చూపించండి. వైవాలో అడిగితే ఆ పేజీయే మీ జవాబు.

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీలో రెండు బీరువాల నిండా పాత ప్రాజెక్టు రిపోర్టులు, సెమినార్ సావనీర్లు, చుట్టుపక్కల ఊళ్ల సర్వేలు ఉన్నాయి. పాత కాగితాల వాడికి ఇచ్చేయమని పైనుంచి ఒత్తిడి. ఎలా ఆపాలి?
— ఒక లైబ్రేరియన్, గాజువాక

జవాబు: అన్నీ ఉంచాలని పట్టుబట్టకండి సార్, అలాగైతే అన్నీ పోతాయి. ఒకరిది చూసి ఒకరు రాసిన ప్రాజెక్టులు పోయినా నష్టం లేదు. ఊరి పేరు, సంవత్సరం, స్వయంగా వెళ్లి రాసుకున్న లెక్క, ఈ మూడూ ఉన్నది మాత్రం ప్రాణం పోయినా వదలకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మీ పిల్లలెవరైనా ఏ వీధిలో ఎన్ని చెట్లు పడ్డాయో, ఎన్ని రేకులు ఎగిరిపోయాయో రాసి ఉంటే అది ఇంకెక్కడా దొరకదు. చివరి పేజీల్లో ప్రశ్నావళి, చేత్తో గీసిన మ్యాపు ఉన్నాయేమో చూడండి, సాధారణంగా అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఏరినవాటిని ముందు యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీ వస్తువులకు నంబర్లు వేసే పుస్తకంలో ఎక్కించండి. నంబరు పడ్డ వస్తువును తీసేయాలంటే సాధారణంగా కమిటీ తీర్మానం కావాలి, నంబరు లేనిదాన్ని ఎవరైనా మోసుకుపోవచ్చు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ చేసేటప్పుడు ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పెట్టండి, ఎందుకంటే వీటిని ఎవరూ టైటిల్‌తో వెతకరు. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి స్కాన్ చేయండి. రాసినవాళ్ల అనుమతి దొరికినవి జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే డబ్బు ఖర్చు లేకుండా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు వస్తుంది, ఎవరైనా ఉదహరించుకోవచ్చు. అనుమతి రానివి లైబ్రరీలోనే చదువుకోనివ్వండి.

ప్రశ్న: మా దగ్గర ఒక ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. పర్యావరణ నివేదిక లావుగా, ఇంగ్లిష్‌లో ఉంది. మాలాంటి వాళ్లు ఏం చదవాలి?
— ఒక పాఠకుడు, పరవాడ

జవాబు: తెలుగు సారాంశం అడగండి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అది ఇచ్చి తీరాలి. కలెక్టరేట్‌లోనూ, జిల్లా పరిషత్ లేదా కార్పొరేషన్ ఆఫీసులోనూ, జిల్లా పరిశ్రమల ఆఫీసులోనూ కాపీ ఉండాలి, సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. లావు పుస్తకంలో గాలి, నీళ్ల శాంపిళ్లు ఏ నెలల్లో, ఏ ఊళ్లో తీశారో ఉన్న చాప్టర్ ఒక్కటి వెతకండి. అక్కడ మీ ఊరు లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న. ఈ నివేదిక రాసే కన్సల్టెంట్‌కి డబ్బిచ్చేది కంపెనీయే అన్నది మనసులో పెట్టుకుని చదవండి.

2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయ్యాక హైపవర్ కమిటీ ఇచ్చిన నివేదికను కూడా సంపాదించండి. సైరన్ ఎందుకు మోగలేదు, ట్యాంకు చల్లబరిచే ఏర్పాటులో లోపమేంటి అన్నవి అందులో ఉన్నాయి, అవే ప్రశ్నలు మీ ఫ్యాక్టరీని అడగొచ్చు. ప్రభుత్వ సైట్లలో లింకులు చెప్పకుండా మాయమవుతాయి కాబట్టి దొరికినరోజే డౌన్‌లోడ్ చేసి, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా సేవ్ చేయండి. సభ అయిపోగానే ఇంటికి వెళ్లిపోకండి, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలన్నది కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. మీరు అన్నది అందులో లేకపోతే కలెక్టర్ సంతకం పడకముందే లేచి చెప్పండి.