సరిహద్దుకు మీ డ్రోన్ పనికొస్తుందా?

ప్రశ్న: మేం ముగ్గురం మదనపల్లె వాళ్లం. ఇంజినీరింగ్ అయ్యాక బెంగళూరు యలహంక న్యూటౌన్‌లో గది తీసుకుని 1.8 కిలోల క్వాడ్‌కాప్టర్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) తయారుచేశాం. వేడిని బట్టి బొమ్మ చూపే థర్మల్ కెమెరా కూడా పెట్టాం. దొడ్డబళ్లాపురం వైపు పొలాల్లో 38 నిమిషాలు ఎగిరింది. సరిహద్దులో నిఘాకి ఇది పనికొస్తుందా? ఎవరికి చూపించాలి?

జవాబు: ఆ 38 నిమిషాలు బెంగళూరువి. ఇక్కడే వదిలేయండి.

మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున కూడా పోస్టులుంటాయి. అక్కడి గాలి సాంద్రత ఇక్కడి దాంట్లో సుమారు 70 శాతమే. అందుకే ప్రొపెల్లర్లు ఇంకా జోరుగా తిరగాలి. గాల్లో నిలబడడానికే కరెంటు దాదాపు అయిదో వంతు ఎక్కువ లాగుతుంది. దానికి తోడు చలి. మైనస్ 15 డిగ్రీల్లో లిథియం బ్యాటరీ మీద లోడ్ పడగానే వోల్టేజీ జారిపోతుంది. 20 నిమిషాలు దక్కితే గొప్పే అనుకుంటాను. పెద్ద బ్యాటరీ పెడదామంటారేమో, అందులో చాలా భాగం దాని బరువు అదే మోసుకోవడానికి ఖర్చవుతుంది. పెద్ద ప్రొపెల్లర్లు, నెమ్మదిగా తిరిగే మోటార్లు చూడండి, చప్పుడూ తగ్గుతుంది. ఎగరేసేదాకా బ్యాటరీని జాకెట్ లోపల వెచ్చగా పెట్టుకునే వీలుండాలి.

20 నిమిషాలు తక్కువేం కాదు. నార్వేలో తయారైన బ్లాక్ హార్నెట్ అనే బుల్లి డ్రోన్ తొలి రకం బరువు 20 గ్రాముల లోపే, ఎగిరేది 25 నిమిషాల దాకా. ఆఫ్ఘనిస్థాన్‌లో బ్రిటిష్ సైనికులు గోడ అవతల ఏముందో చూడ్డానికి దాన్ని వాడారు. ముందు వరసలో ఉన్న జవాను అడిగేది కూడా చాలాసార్లు అదే.

ఇక కెమెరా. లెక్క మీరే వేసి చూడండి. 640 పిక్సెళ్ల థర్మల్ కెమెరాకి 18 డిగ్రీల లెన్స్ ఉందనుకుందాం. 500 మీటర్ల దూరంలో బొమ్మ వెడల్పు 158 మీటర్లు, ఒక్కో పిక్సెల్ పావు మీటరు. మనిషి భుజాల వెడల్పుకి వచ్చేవి రెండు పిక్సెళ్లు. ఏదో ఉందని తెలుస్తుంది కానీ మనిషో గాడిదో తెలియదు. మనిషే అని చెప్పాలంటే ఎనిమిది పిక్సెళ్లయినా పడాలి. అంటే దగ్గరికి వెళ్లాలి, లేదా లెన్స్ మార్చాలి. ఈ లెక్క చెప్పకుండా ‘మా దాంట్లో ఏఐ ఉంది’ అని చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

జీపీఎస్ జామ్ అవుతుందనే అనుకుని డిజైన్ చేయండి. 20,000 కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సిగ్నల్‌ని చెడగొట్టడం కష్టం కాదు. నేలని చూస్తూ వెనక్కి రాగల కెమెరా పద్ధతి ఉండాలి. చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది: డ్రోన్ కనబడకపోయినా, దాన్ని నడిపేవాడి రేడియో ఎక్కడుందో శత్రువు పసిగట్టగలడు. అందుకే యాంటెన్నాని పొడవాటి కేబుల్‌తో దూరంగా పెట్టే ఏర్పాటు చేయండి. ఖర్చు కొద్దిగానే, ప్రాణం దక్కుతుంది.

నేను పరీక్షల పని మీద పైకి వెళ్లినప్పుడు ఒక హవల్దార్ రిమోట్ చేతిలోకి తీసుకుని, గ్లవ్స్ తీయకుండానే నొక్కాడు. ఒకేసారి రెండు బటన్లు పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, తిరిగి ఇచ్చేశాడు. జవాను పైలట్ కాదు, ఆయనకి అది పది పనుల్లో ఒకటి. ఛార్జర్, రిమోట్, స్పేర్ బ్యాటరీలు, పెట్టె అన్నీ కలిపి తూచారా? 1.8 కిలోల డ్రోన్‌కి తొమ్మిది కిలోల సామాను తగిలిస్తే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టే.

చూపించడానికి ఐడెక్స్ ఉంది, రక్షణ శాఖ కొత్త ఆవిష్కరణల కోసం పెట్టిన పథకం. 2018 ఏప్రిల్‌లో చెన్నై దగ్గర తిరువిడందైలో జరిగిన డిఫెన్స్ ఎక్స్‌పోలో మొదలుపెట్టారు. సైన్యం తన అవసరాలని ప్రకటిస్తుంది, వాటికి స్టార్టప్‌గా దరఖాస్తు చేయాలి. గెలిస్తే మామూలు విభాగంలో 1.5 కోట్ల దాకా గ్రాంట్. కొనుగోలు ట్రయల్స్‌కి మాత్రం ఖర్చు మీదే, ఆర్డర్ వస్తుందన్న హామీ ఉండదు. ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు), రేడియో చైనావైతే ఇప్పుడే మార్చేయండి. ఆ కారణంగానే 2025లో సైన్యం ఇచ్చిన డ్రోన్ ఆర్డర్లు కొన్ని రద్దయ్యాయి.

ప్రశ్న: మా వాడు జక్కూరులో మేడ మీద నుంచి చిన్న డ్రోన్ ఎగరేస్తున్నాడు. 250 గ్రాముల లోపు కాబట్టి పర్మిషన్ అక్కర్లేదంటాడు. నాకేమో టెన్షన్. — ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ టెన్షన్ సరైనదే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆ బరువుకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. కానీ ఎక్కడ ఎగరేయాలన్న నిబంధన ఇలాంటి చిన్న (నానో) డ్రోన్లకీ వర్తిస్తుంది. మీ పక్కనే జక్కూరు ఏరోడ్రోమ్, కాస్త పైన యలహంక వైమానిక స్థావరం. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఇల్లు ఏ రంగులో ఉందో వాడి చేతే చూపించమనండి. ఆకుపచ్చ కాకపోతే మేడ మీద ఆపేసి, ఊరి బయట ఆకుపచ్చ జోన్‌లో ఎగరేసుకోమనండి.